టీచరుగారు అర్థం చెప్పని పల్లవి

గుడివాడ బస్టాండులో బందరు బస్సు కోసం నిలబడి ఉండగా అమ్మ ఫోను చేసింది. "టీచరుగారు పోయారే," అంది. బస్సు వచ్చింది. ఎక్కాను. కిటికీ పక్కన సీటు కూడా దొరికింది. పెదన దాటేదాకా ఏడుపు రాలేదు. వచ్చాక మాత్రం పక్కన కూర్చున్న పెద్దావిడ తన మంచినీళ్ళ సీసా నా చేతిలో పెట్టి, "ఎవరమ్మా?" అని అడిగింది. "మా ఎదురింటి టీచరుగారండీ," అన్నాను. ఎదురింటావిడ కోసం ఇంత ఏడుపా అన్నట్టు చూసింది. ఆవిడ చూపుకి చెప్పాల్సిన జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

బందరు ఈడేపల్లిలో మా ఇంటికి సరిగ్గా ఎదురుగా ఆవిడ ఇల్లు. ఆడపిల్లల హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యారు. వీధిలో ఆవిడ పేరు ఎంతమందికి తెలుసో నాకు అనుమానమే. పాలబ్బాయి దగ్గర్నుంచి డాక్టరుగారి దాకా అందరికీ టీచరుగారే. రిటైరయ్యాక కూడా మాట్లాడుతూ మాట్లాడుతూ కుడిచేతి వేళ్ళు పమిట చెంగుకి తుడుచుకునేవారు. సుద్దముక్క పట్టుకోవడం మానేసి ఏళ్ళు గడిచినా ఆ చేతికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. కాఫీ ఇస్తే సగం తాగి గ్లాసు పక్కన పెట్టి, చల్లారాక మిగతా సగం తాగేవారు. వేడిగా ఒకటి, చల్లగా ఒకటి, ఒక్క కాఫీలో రెండు కాఫీలు అని నవ్వేవారు.

ఆవిడ గురించి స్కూలు వాళ్ళు పెట్టే సభలో పద్యాల గురించి, క్రమశిక్షణ గురించి ఎవరో ఒకరు బాగానే చెబుతారు. ఆవిడ ఒక ఇంగ్లీషు రాక్ పాటకి మా ఇంట్లో కూర్చుని అర్థం చెప్పారని మాత్రం అక్కడ ఎవరికీ తెలియదు. చెప్పారు గానీ, పల్లవి ఒక్కటీ దాటేశారు. దాటేసి, చివరికి ఆ పని నా మీద పెట్టి వెళ్ళిపోయారు.

ఆ పాట మా అన్నయ్యది. వాడు గుడివాడలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివేవాడు. సెలవులకి ఇంటికొస్తే సంచిలోంచి మాసిన బట్టల కన్నా ముందు క్యాసెట్లు బయటికి తీసేవాడు. అందులో ఒక క్యాసెట్టు, దాని రెండో వైపు ఒక పాట. వాడు దాన్ని వినడం కాదు, దానితో పాటు అరిచేవాడు. అమ్మ వంటింట్లోంచి, "ఏవిట్రా ఆ అరుపులు, వాణ్ణి ఎవరైనా కొడుతున్నారా?" అనేది. అన్నయ్య ఇంకాస్త సౌండు పెంచేవాడు.

ఒక వానాకాలం సాయంత్రం స్నేహితుడి బండి మీద ఇంటికి బయల్దేరాడు. గుడ్లవల్లేరు, పెదన మీదుగా నేరుగా రావాల్సినవాడు పామర్రు వైపు ఎందుకు వెళ్ళాడో ఇప్పటికీ మాకు తెలియదు. పామర్రు దాటాక లారీ. అంతకన్నా రాయడం నాకు చేతకాదు.

వాడు వస్తున్నాడని అమ్మ ఆ సాయంత్రం వరండా లైటు వేసి ఉంచింది. ఆ లైటు మళ్ళీ ఆర్పలేదు. మొదట్లో తెల్లారాక నాన్న స్విచ్చి దగ్గరికి వెళితే, "ఉంచండి," అనేది. రెండు మూడుసార్లు వాదించి చూసి నాన్న ఊరుకున్నారు. కొన్నాళ్ళకి పగలు ఆర్పడానికి ఒప్పుకుంది గానీ, చీకటి పడే వేళకి మాత్రం అది వెలగాల్సిందే. బల్బు పోతే నాన్న మాట్లాడకుండా బజారుకి వెళ్ళి కొత్తది తెచ్చి పెట్టేవారు. మా ఇంట్లో ఆయన దుఃఖపడిన పద్ధతి అది.

కొన్ని నెలలు గడిచాక అమ్మ ఆ క్యాసెట్టు పట్టుకుని వీధి దాటి టీచరుగారి ఇంటికి వెళ్ళింది. నేనూ వెంట వెళ్ళాను.

"టీచరుగారండీ, మావాడు దీన్ని అరిగిపోయేదాకా విన్నాడు. అందులో ఏముందో నాకు తెలియాలండీ. అమ్మాయిని అడిగితే సరిగ్గా అర్థం కావట్లేదంటోంది," అంది.

నేనప్పుడు ఇంటరు చదువుతున్నాను. సగం అర్థమైంది. ఆ సగమే అమ్మతో చెప్పలేకపోయాను.

"నేను తెలుగు టీచర్నమ్మా," అన్నారావిడ.

"పాటేగదండీ."

టీచరుగారు క్యాసెట్టు అటూ ఇటూ తిప్పి చూశారు. "నిజమేలే, పాటేగా," అన్నారు.

శుక్రవారం సాయంత్రం వచ్చారు. చంకలో గొడుగు, గుడ్డసంచిలో లావుపాటి నిఘంటువు. క్యాసెట్టు పెట్టెలో మడతపెట్టిన కాగితం మీద పాట అచ్చు వేసి ఉంది, చీమల బారులాంటి అక్షరాల్లో. దాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చదివి, "ముందు పాట వినిపించు," అన్నారు నాతో. టేపురికార్డరు మీట నొక్కాను. గిటారు మొదలవగానే నాన్న ఇబ్బందిగా కదిలారు. టీచరుగారు మాత్రం కళ్ళు మూసుకుని, ఒళ్ళో చేతులు పెట్టుకుని, హరికథ వింటున్నంత శ్రద్ధగా చివరిదాకా విన్నారు. అయిపోయాక ఆవిడ అన్న మొదటి మాట నేను మర్చిపోలేను.

"పాపం, ఎవరో బాగా దూరంగా ఉన్నారమ్మా."

"ఎవరండీ?" అంది అమ్మ.

"వీడు ఎవరితో చెప్తున్నాడో ఆ మనిషి. దగ్గరుంటే ఇంత అరవడు కదా." అని వేళ్ళు చెంగుకి తుడుచుకున్నారు. "మాది దివిసీమ. వంతెన రాకముందు పులిగడ్డ రేవులో చూడాలి మీరు. పడవ అవతలి ఒడ్డున ఉండేది. ఇవతల్నుంచి పిలవాలి. పెద్ద పెద్దవాళ్ళు, మర్యాదస్తులు, పంచె ఎగ్గట్టి గొంతు చించుకునేవాళ్ళు. కృష్ణ మీద గాలికి సగం మాట కొట్టుకుపోయేది. మళ్ళీ అరిచేవాళ్ళు. చూసేవాళ్ళకి తగువులా ఉంటుంది. అది తగువు కాదు, పిలుపు."

అమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "రోజూ తిట్టేదాన్నండీ, ఆ అరుపులేంట్రా అని," అంది.

"తిడితే తిట్టావులే. వాడు ఆపలేదుగా," అన్నారు టీచరుగారు. అన్నయ్య పోయాక అమ్మ నవ్వడం అప్పుడే చూశాను. సరైన నవ్వు కాదు, అయినా నవ్వే.

తెలుగు మీడియంలో చదివినవాళ్ళకి సందర్భసహిత వ్యాఖ్య గుర్తుండే ఉంటుంది. పాఠంలోంచి ఒక వాక్యం ఇచ్చి, ఇది ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అన్నారో రాయమంటారు. ఆ తరవాతే భావం. టీచరుగారికి లోకంలో ఏ మాటనైనా చదవడానికి తెలిసిన తోవ అదొక్కటే. మా ముగ్గుర్నీ క్లాసులో కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టి, ముందు నాన్నని అడిగారు, "ఎవరు అన్నారండీ?"

నాన్న కోర్టులో గుమాస్తా. సాక్షిలా నిటారుగా కూర్చుని, "ఆ గిటారు వాడేనండీ," అన్నారు.

"కాదు. ఒడ్డున నిలబడ్డవాడు. పాడేవాడు వేరు, పాటలోవాడు వేరు. ఆ ఇద్దర్నీ కలిపేస్తే సగం మార్కులు పోతాయి."

అలా మొదలైంది. ఒక్కో చరణానికి ఒక్కో శుక్రవారం. మొదటి చరణంలో ఒకడు వానలో నది ఒడ్డున నిలబడి ఉంటాడు, ఆఖరి పడవ వెళ్ళిపోయింది. రెండో చరణంలో వాడి బూట్ల నిండా బురద, అవతల వాడి ఊరి దీపాలు. మూడో దాంట్లో ఆ దీపాల్లోంచి తన ఇంటి దీపాన్ని గుర్తుపడతాడు, కిటికీలో ఎవరో అటూ ఇటూ తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. ఆ తరవాత మాటల్లేవు, చాలాసేపు గిటారే. దానికీ టీచరుగారు సందర్భం చెప్పారు. "ఇక్కడ వాడికి ఏమనాలో తెలియలేదమ్మా. కవి కూడా తొందరపెట్టలేదు."

బూట్ల దగ్గర కొంచెం గొడవైంది. ఆవిడ బురదనేలలో చెప్పులు చేత్తో పట్టుకుని నడిచిన మనిషి. వీడు బూట్లు విప్పలేదంటే ఇంకా ప్రయాణం మీదే ఉన్నాడని పట్టుబట్టారు. ఆ దేశంలో ఎవరూ విప్పరని నేనన్నాను. "విప్పకపోవచ్చు. కానీ కవి బూట్ల ఊసెందుకు ఎత్తాడు?" అన్నారు.

ఇక పల్లవి. ప్రతి చరణం తరవాతా వచ్చేది, అన్నయ్య గొంతు పగిలేలా అరిచేది అదే. దాని మాటలు చాలా తేలిక. చిన్నపిల్లలకి కూడా తెలిసిన నాలుగైదు మాటలు. దీపం ఆర్పొద్దు, నేను రావడం లేదు. అంతే.

టీచరుగారు ఆ వరస దగ్గరికి వచ్చి ఆగారు. కళ్ళజోడు పైనుంచి నా వంక చూశారు. నేను తల దించుకున్నాను. బయట వరండా లైటు వెలుగుతోంది. ఆవిడ కాగితం మడిచి పెట్టెలో పెట్టేస్తూ, "ఈ ఒక్కటీ అంతుపట్టడం లేదమ్మా. చూసుకుని చెప్తాను," అన్నారు.

"తొందరేం లేదండీ," అంది అమ్మ.

నిజంగానే తొందరపడలేదు. ఆ తరవాత ఏళ్ళ తరబడి ప్రతి శుక్రవారం టీచరుగారు వచ్చేవారు. అమ్మ కాఫీ ఇచ్చి, "తెలిసిందాండీ?" అని అడిగేది. "ఇంకా లేదమ్మా," అనేవారు. దానితో ఆ సంగతి అయిపోయేది. మిగతా సాయంత్రమంతా ధరలు, డాబా మీద వడియాలు, ఎవరింట్లో పెళ్ళి, గూడూరు వైపు చేలల్లో నీళ్ళు దిగాయా లేదా. అమ్మ మెల్లగా మనుషుల్లో పడింది. శుక్రవారం నాలుగింటికల్లా తల దువ్వుకుని కూర్చునేది. నాన్న కోర్టు నుంచి తిరిగొస్తూ తొక్కుడు లడ్డు తెచ్చేవారు. టీచరుగారికి షుగరని తెలిసినా తెచ్చేవారు, ఆవిడ వద్దంటూనే ఒక ముక్క తినేవారు.

నాతో మాత్రం, అమ్మ లోపలికి వెళ్ళినప్పుడు, ఆవిడ ఆ పల్లవి గురించి మాట్లాడేవారు. మొదట్లో అది అలక అన్నారు. "రానంటాడు గానీ వస్తాడే. రానివాడు దీపం సంగతి అడగడు." కొన్నాళ్ళకి అది కాదన్నారు. "అలకైతే ఆర్పేసుకో అనేవాడు." ఒకసారి దీపం గురించే చాలా ఆలోచించి వచ్చారు. "అంతసేపు వెలగాలంటే మధ్యలో నూనె పోయాలి. అంటే ఇంట్లో ఒక మనిషిని మేలుకుని ఉండమంటున్నాడు. ఇది ఎంత కష్టమైన కోరికో చూడు."

"అది కరెంటు లైటండీ," అన్నాను.

ఆవిడ ఒక్క క్షణం బిత్తరపోయి, పకపకా నవ్వారు. నవ్వు తగ్గాక, "అయితే పాపం చాలా చిన్న కోరికే. స్విచ్చి మీద చెయ్యి వేయకుండా ఉంటే చాలు," అన్నారు. ఆ తరవాత చల్లారిన కాఫీ తాగారు.

అన్నయ్య హాస్టల్ స్నేహితుడొకడు ఓసారి మమ్మల్ని చూడటానికి వచ్చి, అలాంటి పాటలన్నీ మత్తుమందుల గురించేనని తేల్చేశాడు. "పాటలో లేనిది సంచిలో వేసుకొచ్చి పెట్టకు నాయనా," అన్నారు టీచరుగారు. నేను ఎమ్మే ఇంగ్లీషు చేసి గుడివాడలో కాలేజీలో చేరాక, ఇంటర్నెట్లో ఆ పాట మీద జనం రాసినవి చదివి వినిపించాను. యుద్ధం గురించని కొందరు, విడాకులని కొందరు. చివరికి పాట కట్టినవాడి ఇంటర్వ్యూ ఒకటి దొరికింది. బస్టాపులో కూర్చుని రాశానని, దాని అర్థం తనకీ గుర్తులేదని చెప్పుకున్నాడు. నేను నీరుగారిపోయాను. ఆవిడకి చీమ కుట్టినట్టయినా లేదు. "పేపరు దిద్దేది కవి కాదు కదే," అన్నారు.

ఆవిడ ఎప్పుడూ అనే మాట ఒకటి ఉంది. సందర్భం తెలియకుండా భావం రాయకండి, మార్కులు పోతే పోనీయండి, లేనిది అంటగట్టకండి. నేనిప్పుడు నా విద్యార్థులకి ఇంగ్లీషులో చెప్పేది కూడా ఇదే. అన్నయ్య పామర్రు వైపు ఎందుకు వెళ్ళాడని ఇంట్లో ఎవరు ఊహించబోయినా నాకు ఆ మాట గుర్తొచ్చి, ఇక అడగకుండా ఊరుకునేదాన్ని.

ఆవిడ ఊరు నాగాయలంక అవతల. ఉప్పెనలో వాళ్ళ ఇంట్లో అందరూ పోయారని, ఆవిడ ఆ రోజు బందర్లో ఉండబట్టి మిగిలారని వీధిలో అందరికీ తెలుసు. ఆవిడ నోటివెంట మాత్రం ఎవరమూ వినలేదు. నేను చాలా ఆలస్యంగా ఆలోచించాను, ఆ పల్లవిని ఆవిడ దాటేసింది అమ్మ కోసమేనా అని.

పోయిన నెల చూడటానికి వెళ్ళాను. మంచం మీదే ఉన్నారు. చెల్లెలి వరసయ్యే ఒకామె దగ్గరుండి చూసుకుంటోంది. గొంతు బాగా సన్నబడింది. నన్ను వంగమని సైగ చేసి, "మీ అమ్మ ఈ శుక్రవారం కూడా అడిగిందే," అన్నారు.

"ఏం చెప్పారండీ?"

"ఇంకా లేదమ్మా అన్నాను." కాసేపు కళ్ళు మూసుకున్నారు. "ఆ మనిషికి అబద్ధం చెప్పి పోవడం బాగాలేదు. కానీ ఏ భావం చెప్పను? నాకే తేల్లేదు. నువ్వు చెప్పేయి. భావం వద్దు, మాటలు చెప్పు చాలు. సమయం చూసి."

సరేనన్నాను. అంతకన్నా ఏమనగలను? ఇంటికి వెళ్ళి అమ్మ మొహం చూసి, ఇవాళ కాదులే అనుకున్నాను. ఆ తరవాతి ఆదివారమూ అంతే. అలా ఉండగానే ఫోను వచ్చింది.

నేను బందర్లో దిగేసరికి వాన వెలిసింది. టీచరుగారి ఇంటి ముందు కుర్చీలు వేశారు. తెల్లచీరలో ఆవిడ చిన్నపిల్లలా కనిపించారు. తలాపున దీపం పెట్టారు. పాత విద్యార్థినులు వస్తున్నారు, అందులో మనవలున్నవాళ్ళూ ఉన్నారు, చేతులు కట్టుకుని క్లాసు బయట నిలబడ్డట్టు నిలబడ్డారు. కుడిచేతి వేళ్ళకి చెంగు తగిలేలా సర్దింది ఎవరో నాకు తెలియదు. ఆవిడ దగ్గర చదువుకున్న మనిషే అయి ఉండాలి.

అన్నీ అయిపోయి జనం వెళ్ళిపోయాక, సాయంత్రం నేనూ అమ్మా మా వరండాలో కూర్చున్నాం. శుక్రవారమే. అమ్మ అలవాటుగా తల దువ్వుకుంది. ఇంకా ఆలస్యం చేయకూడదని, "అమ్మా, ఆ పాటలో పల్లవికి అర్థం టీచరుగారికి తెలుసమ్మా. నీకు చెప్పమని నాకు అప్పగించారు," అన్నాను.

"దీపం ఆర్పొద్దు, నేను రావడం లేదు. అదేగా?" అంది అమ్మ.

నేను తలెత్తి అమ్మ వంక చూశాను.

"వాడే చెప్పాడే. ఆఖరిసారి వచ్చినప్పుడు. ఏంట్రా అంతలా అరుస్తున్నాడు వాడు అనడిగితే, 'లైటు ఆర్పొద్దంటాడు, రానంటాడు, పిచ్చోడమ్మా' అని నవ్వాడు. ఆ పాటలో నాకు తెలిసింది ఆ ఒక్క ముక్కే. మిగతాది తెలియకే టీచరుగారి దగ్గరికి పట్టుకెళ్ళాను."

అంటే మేం ఇద్దరం కలిసి ఇన్నేళ్ళూ దాచింది, అమ్మకి ముందే తెలిసిన ఆ ఒక్కటే. ఆ వరండా లైటు రోజూ ఎందుకు వెలుగుతుందో నాకు అప్పుడు తెలిసింది.

"మరి ప్రతి శుక్రవారం అడిగేదానివేంటమ్మా?"

"ఆవిడకి తెలుసని ఆ రోజే తెలిసింది నాకు. నీ వంక చూశారుగా. చెప్పలేకపోతున్నారు పాపం. నాకూ తెలుసండీ అని అనేద్దామనుకున్నా. అంటే ఇక ఆవిడ రావడానికి పనేముంటుంది? ఆ ఇంట్లో మటుకు ఆవిడకి ఎవరున్నారు?" చెంగుతో కళ్ళు తుడుచుకుంది. "అందుకని అడుగుతూ వచ్చాను."

చీకటి పడుతోంది. అమ్మ లేచి మా లైటు వేసింది. తరవాత చెప్పులేసుకుని వీధిలోకి దిగింది. వాన నీళ్ళు ఇంకా కదల్లేదు, మోకాళ్ళ కిందిదాకా చీర ఎత్తి పట్టుకుని, నిలిచిన నీళ్ళలోంచి అవతలికి నడిచింది. నేనూ వెంట వెళ్ళాను. టీచరుగారి వరండాలో ఆ చెల్లెలిగారు ఒక్కరే స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉన్నారు. అమ్మ తలుపు పక్కన స్విచ్చి వెతికి, వేసింది.

"దీన్ని రోజూ వేసి ఉంచమ్మా. నువ్వు ఊరెళ్ళిపోతే తాళంచెవి నాకిచ్చి వెళ్ళు," అంది.

ఆమె అర్థం కాక నా వంక చూశారు. "ఆవిడ రారు కదమ్మా," అన్నాను నేను అమ్మతో, నెమ్మదిగా.

అమ్మ నన్ను చూసి, తెలిసిన పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. "వచ్చేవాళ్ళకైతే ఎవరైనా వేస్తారే. రానివాళ్ళే చెప్పి వేయించుకోవాలి."

ఇన్నేళ్ళూ టీచరుగారికి దొరకని భావం అది. ఎదురుగా ఉంటే వేళ్ళు చెంగుకి తుడుచుకుని, పూర్తి మార్కులు వేసి ఉండేవారు. ఆ మాట విని ఉంటే తన ఊళ్ళో ఏ ఇంటి దీపం తలుచుకునేవారో నాకు తెలియదు.

ఇంటికి తిరిగొచ్చి మెట్ల మీద కూర్చున్నాం. వీధి పొడుగునా వాన నీళ్ళు నిలిచి ఉన్నాయి. ఆ నీళ్ళకి ఇవతల మా లైటు, అవతల ఆవిడ లైటు వెలుగుతున్నాయి.